ఆ పెళ్ళిలో మాట్లాడనిది పెళ్ళికూతురొక్కతే

మొన్నొక ఆదివారం సాయంత్రం హైదరాబాదులో ఒక చిన్న హాల్లో, కాలేజీ దాటి ఎంతోకాలం కాని కుర్రాళ్ళు వేసిన హాస్యనాటిక చూశాను. పేరు రాయను. కొత్త పిల్లలు, సొంత డబ్బులు పెట్టుకుని వేస్తున్నారు, నేనేమో ఫిర్యాదు చెయ్యడానికి కూర్చున్నాను. కథ మీరు ఊహించేదే. ప్రేమించిన అమ్మాయికి వేరే సంబంధం కుదిరింది. శుభలేఖ వాట్సాప్‌లో వచ్చింది, కింద "తప్పకుండా రావాలి" అని కూడా ఉంది. వెళ్ళాలా వద్దా అన్నది మొదటి పావుగంట. వెళ్ళాక పడే పాట్లు మిగతా అరగంట.

నవ్వు రాలేదని అబద్ధం చెప్పను. చదివింపుల సీను చాలా బాగా రాశారు. కవర్లో ఎంత పెట్టాలో వాడికి తేలదు. నూటపదహార్లు పెడితే "ఇంతేనా వీడు" అనుకుంటుంది. వెయ్యిన్నూటపదహార్లు పెడితే ఇంకా మర్చిపోలేదనుకుంటుంది. కిందామీదా పడి 516 పెట్టి తీసుకెళ్తే, పుస్తకం ముందేసుకుని కూర్చున్న పెద్దాయన కళ్ళజోడు పైనుంచి చూసి "ఎవరి తరఫు బాబూ?" అంటాడు. వీడు నోరు తెరుస్తాడు, మూస్తాడు. "అమ్మాయి తరఫా, అబ్బాయి తరఫా? ఏదో ఒకటి చెప్పు, వెనక లైనుంది" అంటాడాయన. హాలంతా పగలబడి నవ్వింది. నేనూ నవ్వాను. పాత ప్రేమికుడు పెళ్ళికి వస్తే వాడి చిక్కేమిటో ఆ ఒక్క ప్రశ్నతో తేలిపోయింది. వాడికి ఆ పుస్తకంలో ఏ పేజీలోనూ చోటు లేదు.

ఇంత బాగా రాయగలిగినవాళ్ళు పెళ్ళికూతుర్ని ఏం చేశారంటే, స్టేజి మీద ఒక మూల పీటేసి కూర్చోబెట్టారు. పట్టుచీర, పూలజడ, బాసికం, వంచిన తల. ముప్పావుగంట సేపు ఒక్క మాట లేదు. ఆ అమ్మాయి గురించి మాత్రం అందరూ మాట్లాడతారు. డాలర్లు చూసి మారిపోయిందని ఒకడు, ముందునుంచీ అంతేనని ఇంకొకడు, నీకు తగిన శాస్తే జరిగిందని మూడోవాడు. తెర పడేముందు ఆ అమ్మాయి తలెత్తి హీరో వంక చూసి కళ్ళు తుడుచుకుంటుంది. చప్పట్లు.

ఇలాంటి కథతో హాస్యనాటకం రాయాలంటే అసలు హాస్యపాత్ర పెళ్ళికూతురే అయ్యుండాలని నా అభిప్రాయం. మిగతావాళ్ళంతా ఆవిడ చుట్టూ తిరగాలి. అక్కడ జరుగుతున్న విషయం మొత్తం తెలిసిన మనిషి ఆవిడొక్కతే. వచ్చినవాడెవడో తెలుసు, పక్కనున్నవాడెవడో తెలుసు, ఎవరికి ఏది తెలియదో కూడా తెలుసు. పైగా లేచి వెళ్ళడానికి లేదు. హాస్యం పుట్టడానికి ఇంతకంటే మంచి పరిస్థితి ఏ రచయితైనా కష్టపడి కల్పించుకోవాలి, ఇక్కడ ఊరికే దొరుకుతోంది. దాన్ని మూలన కూర్చోబెట్టి, బయట కుర్రాడి గొణుగుడు చుట్టూ నాటిక నడపడం నాకు వృథాగా తోచింది.

పీట మీంచి చూస్తే

ఈ మాట ఇంత ధీమాగా ఎందుకంటున్నానంటే నేను ఆ పీట మీద కూర్చున్నదాన్నే.

మా గుంటూరు వైపు, మా తరం దాకా, పాత ప్రేమికుడంటే తరచుగా కాలేజీలో వాడు కాదు. బావ. మేనత్త కొడుకు. పుట్టినప్పటినుంచీ "నీ మొగుడొచ్చాడే, మంచినీళ్ళివ్వు" అని ఇంట్లోవాళ్ళే ఆటపట్టిస్తారు. ఆ ఆటలో కొంత నిజం ఉందని ఇద్దరికీ ఒక వయసులో తెలుస్తుంది. ఎవరూ అడగరు, మనమూ చెప్పం. మా విషయంలో మేనరికాలు మంచివి కావని డాక్టర్లు చెబుతున్నారన్న మాట ఇంట్లోకి వచ్చింది. అదే ఏడాది మా అత్తకీ నాన్నకీ పొలం గట్టు దగ్గర మాటామాటా వచ్చింది. ఈ రెండింట్లో అసలు కారణం ఏదో నేనిప్పటికీ చెప్పలేను. మొత్తానికి బయటి సంబంధం చూశారు, నచ్చింది, నాక్కూడా.

మరి బావ పెళ్ళికి రాకుండా ఉంటాడా? రాకపోతేనే నలుగురూ మాట్లాడతారు. ఆడపిల్ల మేనత్త కొడుకు, పైగా చేతికింద మనిషి. తెనాలిలో పెళ్ళి, అర్ధరాత్రి దాటాక ముహూర్తం. భోజనాల బాధ్యతంతా బావ మీదేశారు. నేను గౌరీపూజ దగ్గర కూర్చున్నప్పటినుంచీ ఆయన వంటమేస్త్రితో పెరుగు గురించి గొడవపడటం వినబడుతూనే ఉంది. మగపెళ్ళివారు వేణ్ణీళ్ళు అడిగితే ఆయనే, జనరేటరు ఆగితే ఆయనే. మా పిన్ని కూతుళ్ళు ఒకసారి నా మొహం, ఒకసారి ఆయన మొహం చూసుకుంటూ ఏదో జరుగుతుందని ఎదురుచూస్తున్నారు.

జరిగిందల్లా ఇది. ఫొటోగ్రాఫర్ "బావగారూ, మీరు రండి, ఇంకొంచెం దగ్గరికి, అన్నయ్య భుజం మీద చెయ్యెయ్యండి" అని పిలిచాడు. బావ వచ్చి మా ఆయన భుజం మీద చెయ్యేశాడు. వంగి నా చెవిలో "వంకాయ కూరలో ఉప్పెక్కువైందే. మీవాళ్ళు ఇంకా కనిపెట్టలేదు, నువ్వు చెప్పకు" అన్నాడు. "మీవాళ్ళు" అంటే ఎవరో అర్థం కావడానికి నాకొక క్షణం పట్టింది. తర్వాత నవ్వు ఆగలేదు. తల వంచుకుని, భుజాలు కదిలిపోయేలా నవ్వాను. మా పెద్దమ్మ అది చూసి "ఏడవకమ్మా, ఊరుకో, ఎక్కడికెళ్తున్నావు, విజయవాడేగా" అని తన పమిటతో నా కళ్ళు తుడిచింది. ఆవిడ తుడిచేకొద్దీ నాకింకా నవ్వొచ్చింది. వీడియోలో ఆ ముక్క వెనకాల సన్నాయి మీద అప్పగింతల పాట వేశారు. నిజంగా అప్పగింతలప్పుడు నేను ఏడవలేదని తర్వాత కొందరు అనుకున్నారట.

ఇదేదో గొప్ప ప్రేమకథ అని చెప్పడం లేదు. కాదు కూడా. వంచిన తల కింద ఏం జరుగుతోందో చూసేవాళ్ళకి తెలియదని చెప్పడానికి ఇంత చెప్పాల్సి వచ్చింది. ఆ కుర్రాళ్ళ నాటికలో చివర పెళ్ళికూతురు కళ్ళు తుడుచుకుంటే హాలంతా బాధ అనుకుంది. రాసినవాడూ బాధనే అనుకున్నాడు. ఆ కన్నీళ్ళు ఇంకెన్ని రకాలుగా రావచ్చో ఒక్కసారి ఆ వేషం వేసిన అమ్మాయిని అడిగినా చెప్పేది.

అసలు వాడెందుకు వెళ్తాడు

ఈ రకం నాటకాలన్నిటికీ రాతలోనే ఒక ఇబ్బంది ఉంది. బుద్ధున్నవాడెవడూ ఇలాంటి పెళ్ళికి వెళ్ళడు. వాణ్ణి పంపించడానికి రచయిత ఏదో ఒక సాకు వెతకాలి. నేను చూసినదాంట్లో స్నేహితులు పందెం కాశారు. బలహీనమైన సాకు. మండపం గుమ్మం దాటగానే ప్రేక్షకులు ఆ పందెం సంగతి మర్చిపోయారు, రచయిత కూడా మర్చిపోయాడు.

అమెరికన్ రంగస్థలం మీద ఈ చిక్కుతో బాగా ఆడుకున్న నాటకం ఫిలిప్ బారీ రాసిన "ఫిలడెల్ఫియా స్టోరీ". 1939 మార్చిలో న్యూయార్కులో షూబర్ట్ థియేటర్లో మొదలై 417 ప్రదర్శనలు నడిచింది. అందులో పెళ్ళికూతురికిది రెండో పెళ్ళి. మొదటి మొగుడు డెక్స్టర్ ఆ చుట్టుపక్కలే తిరుగుతుంటాడు, ఏమాత్రం మొహమాటం లేకుండా ఇంట్లోకి వచ్చిపోతుంటాడు. పెళ్ళి గురించి రాయడానికి పత్రికవాళ్ళు దిగుతారు. ఇంట్లోవాళ్ళు పరువు కాపాడుకోవడానికి నానా తంటాలు పడతారు. పెళ్ళికి ముందు ఒక్కరోజులో కథంతా నడుస్తుంది.

నాకు కావలసింది అందులో ఉంది. స్టేజి మీద అందరికంటే చురుకైన నోరు పెళ్ళికూతురు ట్రేసీదే. బారీ ఆ పాత్రని నటి కాథరిన్ హెప్‌బర్న్‌ని మనసులో పెట్టుకునే రాశాడు. అంతకు ముందు ఏడాదే అమెరికా థియేటర్ల యజమానులు కొందరు ప్రకటన వేసి మరీ, ఆవిడ ఉంటే టికెట్లు తెగవన్న జాబితాలో ఆవిడ పేరు చేర్చారు. ఈ నాటకంతో, దాని సినిమా హక్కులు తన చేతిలో ఉంచుకుని 1940లో అదే పాత్ర తెరమీద వేసి, ఆవిడ మళ్ళీ నిలబడింది. పెళ్ళికూతురికి మాటలిస్తే ఒక నటి బతుకే మారిందన్నమాట.

అయితే ఆ నాటకంతో నాకొక పేచీ ఉంది. ట్రేసీకి మాటలిచ్చి, వాటిని ఒక్కొక్కటే వెనక్కి తీసుకున్నట్టుంటుంది. పాత మొగుడు వచ్చి నీకు జాలి లేదంటాడు. ఇంకో ఆడదానితో సంబంధం పెట్టుకున్న తండ్రి, కూతురు సరిగ్గా ప్రేమగా ఉంటే తనకా అవసరం వచ్చేది కాదన్న అర్థంలో పాఠం చెబుతాడు. నాకు ఒళ్ళు మండిన చోటది. చివరికి ఆవిడ మెత్తబడి, కొత్త పెళ్ళికొడుకుని వదిలేసి, అదే మండపంలో పాత మొగుణ్ణే చేసుకుంటుంది. నవ్వులకు లోటు లేదు. కానీ తప్పంతా పెళ్ళికూతురిదేనని తేల్చడానికి అన్ని నవ్వులు ఖర్చుపెట్టాలా? ఇంత పెద్ద నాటకం కూడా అక్కడ మన కుర్రాళ్ళ నాటికకి దగ్గరగానే వస్తుంది. తేడా ఏమిటంటే ట్రేసీ ఎదురు చెబుతుంది. ఓడిపోయినా నోరుండి ఓడిపోతుంది.

దొంగ పెళ్ళికూతుళ్ళు

తెలుగులో ఇలాంటి కథ లేదా అంటే, మన అందరికీ తెలిసిన మాయాబజారే ఉంది. ఒకసారి పౌరాణికం అన్న సంగతి పక్కనపెట్టి చూడండి. మేనమామ కూతురికి, మేనత్త కొడుక్కి చిన్నప్పుడే మాట అనుకున్నారు. అబ్బాయి తరఫువాళ్ళ ఆస్తి పోయింది. అమ్మాయిని బాగా ఉన్నవాళ్ళింటికి ఇవ్వడానికి నిశ్చయించారు. పాత సంబంధం తాలూకు మనిషొకడు మారువేషంలో ఆ పెళ్ళికి వచ్చి అంతా తలకిందులు చేశాడు. వ్యాసుడి భారతంలో లేని కథ ఇది. మనవాళ్ళు కల్పించుకున్నది, అందుకే ఇంత మన ఇంటి కథలా ఉంటుంది.

ఇందులో శశిరేఖ ఏం మాట్లాడుతుంది? ఏడుస్తుంది, ఎదురుచూస్తుంది. నవ్వించే పెళ్ళికూతురు మాయాశశిరేఖ, అంటే ఆ పిల్ల రూపంలో ఉన్న ఘటోత్కచుడు. 1957 సినిమాలో సావిత్రి ఆ వేషంలో ఒక్క కనుబొమ్మ ఎగరేస్తే చాలు, లోపలున్నది రేలంగి పాలిటి గండమని మనకి తెలిసిపోతుంది. పెళ్ళికొడుకు కాలు తొక్కేదీ, వాణ్ణి హడలగొట్టేదీ ఆ దొంగ పెళ్ళికూతురే. సొంత మొహంతో ఉన్నంతసేపూ ఆడపిల్లకి ఆ స్వేచ్ఛ లేదు. లోపల రాక్షసుడుంటే వచ్చింది.

ఇంకొంచెం వెనక్కెళ్తే కన్యాశుల్కం. 1892లో విజయనగరంలో మొదట ఆడింది, 1897లో అచ్చయింది, 1909లో గురజాడ దాదాపు తిరగరాశారు. లుబ్ధావధాన్లుతో పెళ్ళి కుదిరిన సుబ్బి అన్న మాట ఒక్కటి చెప్పమంటే నేను చెప్పలేను. ఆ పెళ్ళి తప్పించడానికి కరటకశాస్త్రి తన శిష్యుడికి ఆడవేషం వేసి పీట మీద కూర్చోబెడతాడు. హాస్యమంతా ఆ శిష్యుడి చుట్టూ. ఇక్కడ కూడా చలాకీ పెళ్ళికూతురు మగపిల్లాడే. రెండు గొప్ప తెలుగు కథలు, రెంటిలోనూ నిజం పెళ్ళికూతురు నవ్వించదు, నకిలీ పెళ్ళికూతురు ఇల్లెగరగొడుతుంది. నాకిది కాకతాళీయం అనిపించదు. పీట మీది ఆడపిల్ల నవ్వించవచ్చని రాసేవాళ్ళకి తెలుసు. సొంతంగా నవ్విస్తే చూసేవాళ్ళు ఏమంటారోనని భయం.

అయితే కన్యాశుల్కంలోనే దీనికి జవాబూ ఉంది. ఇలాంటి నాటకం రాయాలనుకునేవాళ్ళు గిరీశాన్ని వదిలేసి మధురవాణిని పట్టుకోవాలి. ఆవిడా ఒక "ఎక్సే". గిరీశానికి పాత మనిషి. మొదటి అంకంలోనే పాత ప్రియుణ్ణీ కొత్త ప్రియుణ్ణీ ఒకే మంచం కిందికి చేరుస్తాడు గురజాడ, పైన మధురవాణి తాపీగా కబుర్లు చెబుతుంటుంది. చివర్లో గిరీశం బుచ్చమ్మతో పెళ్ళికి సిద్ధపడి పెద్దమనిషిలా నిలబడితే, ఆ పెళ్ళికి అడ్డం తిరిగేది మధురవాణి సంగతి బయటపడటమే. పాత ప్రియురాలు వచ్చి పెళ్ళి చెడగొట్టిందని ఆవిడ మీద ఎవరికైనా కోపం వస్తుందా? రాదు. ఎందుకంటే నాటకమంతా ఆవిడ అందరికంటే బాగా మాట్లాడింది, అందరికంటే ముందు నవ్వింది. తిరగరాసినప్పుడు గురజాడ ఆవిడ పాత్రనే బాగా పెంచాడు.

ఆ మధురవాణి వేషం స్థానం నరసింహారావు వేసేవారు. బాపట్ల ఆయన, తెనాలి రామవిలాస సభలో పేరు తెచ్చుకున్నాడు. అంటే ఆ మాటలు కూడా చాలాకాలం మగగొంతులోంచే వినబడ్డాయి. అదే రోజుల్లో సురభి వాళ్ళు తమ ఇంటి ఆడవాళ్ళనే రంగం మీదికి తెచ్చారు. 1885లో కడప జిల్లా సురభి ఊళ్ళో వనారస గోవిందరావు కీచకవధతో మొదలుపెట్టిన కుటుంబం వాళ్ళది. వాళ్ళ మాయాబజార్‌కి పిల్లల్ని తీసుకెళ్తే వాళ్ళు ఘటోత్కచుడి నోట్లోకి ఎగిరే లడ్డూలే చూస్తారు. నేను మాయాశశిరేఖ వేసే అమ్మాయిని చూస్తాను. ఆడపిల్ల వేషంలో ఉన్న మగ రాక్షసుడిగా నటించే ఆడపిల్ల. నడక మారేచోట ఆ అమ్మాయి పొందే సరదా ముందు వరసలో కూర్చుంటే కనబడుతుంది.

ఫోను తీసిన సీను

కుర్రాళ్ళ నాటికకి మళ్ళీ వస్తాను, ఎందుకంటే అందులో నన్ను అసలు ఇబ్బందిపెట్టిన చోటు ఇంకా చెప్పలేదు.

పెళ్ళికొడుకు తమ్ముడు హీరోతో కొంచెం పొగరుగా మాట్లాడతాడు. హీరో జేబులోంచి ఫోను తీసి, చేతిలో తిప్పుతూ, "మా వదిన అంటున్నావు, మా దగ్గర చాలా ఫొటోలున్నాయి తమ్ముడూ" అంటాడు. తర్వాత చూపించడు. భయపెట్టి ఊరుకుంటాడు. అది నవ్వు కోసం పెట్టిన మాట, చాలామంది నవ్వారు కూడా. నా వరసలో నాకు ఇటూ అటూ ఆడవాళ్ళే. మా వరసలో నవ్వు లేదు. నా పక్కన కూర్చున్న అమ్మాయి, ఇరవై రెండో ఇరవై మూడో ఉంటాయి, అప్పటిదాకా అందరికంటే గట్టిగా నవ్వుతున్నది, చేతులు కట్టుకుని వెనక్కి వాలింది.

ఆ సీను రాసినవాడు చెడ్డవాడని నేననుకోను. పాత ఫొటోలు పంపి సంబంధాలు చెడగొట్టిన వార్తలు పేపర్లో వాడూ చదివే ఉంటాడు. వాడికి అది జోకుకి పనికొచ్చే సరుకు. పీట మీద కూర్చున్న మనిషికి అది ఏమిటో ఊహించాలంటే ముందు ఆ మనిషికి నోరుండాలి కదా. ఆ క్షణంలో పెళ్ళికూతురికి ఒక్క మాట ఉంటే, ఆవిడ తలెత్తి "చూపించరా, నీ మొహం కూడా అందులో ఉందిగా" అన్నా సరే, సీను వేరేగా ఉండేది. హాలు రెండు ముక్కలై ఉండేది కాదు.

ఇంకోటి కూడా. వాళ్ళిద్దరికీ పెళ్ళెందుకు కాలేదో నాటికలో చెప్పరు. "జాతకాలు కలవలేదు" అని ఒక్క మాటతో దాటేశారు. ఆ మాట ఎక్కడ వాడతారో మనకి తెలుసు. కులం అన్నచోట జాతకం అని పెట్టుకుంటాం. హాస్యనాటికలో కులం ఎందుకని అడగొచ్చు. ఆ పెద్దాయన "ఎవరి తరఫు" అని అడిగిన ప్రశ్నకి అసలు పదును అక్కడుంది కాబట్టి. నవ్వు దగ్గరే ఆగిపోయి, దాని వెనకాల ఏముందో చూడకుండా వచ్చేశారు.

మగపిల్లల బాధ

దీనికి అభ్యంతరం ఒకటి ఉంది, నేను తేలిగ్గా తోసెయ్యలేనిది. మా తమ్ముడితో ఈ నాటిక గురించి మాట్లాడితే వాడే అన్నాడు. "అక్కా, అబ్బాయిలకి ఏడవడానికి చోటేదీ? గడ్డం పెంచుకుని తాగితే దేవదాసు అంటారు, ఏడిస్తే ఆడంగి అంటారు. వీళ్ళు కనీసం నవ్వుకుంటున్నారు. అది కూడా నీకు నచ్చదా?"

నచ్చుతుంది. నిజానికి ఆ నాటికలో నాకు బాగా నచ్చింది, హీరో తాగకపోవడం, చావకపోవడం. మండపంలో బఫే దగ్గర ప్లేటు పట్టుకుని లైన్లో నిలబడి, గులాబ్‌జామూన్ అయిపోయిందని వాడు కళ్ళనీళ్ళు పెట్టుకునే చోటుంది. జామూన్ కోసం ఏడుస్తున్నానని పక్కవాడితో చెబుతాడు. అది మంచి రాత. దేవదాసు నుంచి బఫే లైను దాకా వచ్చామంటే తెలుగు ప్రేమికుడు ఆరోగ్యం పుంజుకుంటున్నట్టే.

ఆ ఏడుపుకి చోటివ్వడానికి పెళ్ళికూతుర్ని డబ్బుమనిషి చెయ్యక్కర్లేదన్నదే నేను మా తమ్ముడికి చెప్పింది. వాడు పూర్తిగా ఒప్పుకోలేదు. "ఒకడి బాధ చెప్పేటప్పుడు వాడి వైపునుంచే చెప్పాలి, అవతలివాళ్ళకి న్యాయం చెయ్యడం మొదలుపెడితే అది కోర్టవుతుంది" అన్నాడు. ఆ మాటలో పస ఉంది. ఒక్కడే నిలబడి మైకులో తన కథ చెప్పుకునే స్టాండప్ అయితే నేనూ ఒప్పుకునేదాన్ని. అక్కడ పెళ్ళికూతురు స్టేజి మీద ఉండదు. నాటకంలో పెళ్ళికూతుర్ని మన కళ్ళెదురుగా, చీరకట్టి, నగలేసి, లైటు వేసి కూర్చోబెట్టారు. అంతసేపూ ఒక మనిషి మన ముందు కూర్చుంటే ఆ మనిషి ఏమనుకుంటోందో అని మనకి అనిపించదా? నాకైతే అనిపించింది. హీరో మాట్లాడుతున్నంతసేపూ నా కళ్ళు ఆ మూలకే పోయాయి.

నాటకం అయ్యాక

ప్రదర్శన అయ్యాక రాసిన కుర్రాడితో మాట్లాడాను. హీరో వేషమూ అతనే. మేకప్ తుడుచుకుంటూ ఓపిగ్గా విన్నాడు. పెళ్ళికూతురికి మాటలెందుకు లేవంటే, కారణం నేననుకున్నది కాదు.

"మేడం, ఆ అమ్మాయి మా ట్రూపు కాదు. మా ట్రూపులో అమ్మాయిలు లేరు. బయటినుంచి మాట్లాడుకున్నాం. ఒక్క రిహార్సల్‌కి వచ్చింది. డైలాగులిస్తే రిహార్సల్స్ ఎక్కువ కావాలి, రానూపోనూ చార్జీలు, రోజుకింత అని ఇవ్వాలి. అందుకే కూర్చోబెట్టేశాం."

పరిషత్తు నాటకాలతో, అంటే పోటీల్లో వేసే నాటకాలతో, పరిచయం ఉన్నవాళ్ళకి ఇది కొత్త సంగతి కాదు. ఆడవేషాలకి నటీమణుల్ని నాటక సమాజాలు బయటినుంచే పిలుచుకుంటాయి. ఒకే నటి రెండు మూడు సమాజాలకి వేస్తుంది. ఇవాళ ఈ ఊరు, రేపు ఆ ఊరు. పోర్షను, అంటే తన వంతు మాటలు, పంపితే దార్లో చదువుకుని వస్తుంది. ఇంట్లో ఒప్పించుకోవడం, రాత్రి ఆలస్యమైతే తిరిగి చేరుకోవడం, అన్నీ ఆవిడే చూసుకోవాలి. దాంతో ఆడపాత్రలకి మాటలు తగ్గించి రాయడం అలవాటుగా మారింది. స్థానం వారి కాలంలో ఆడవాళ్ళు రంగం మీదికి రాకూడదన్నారు. ఇప్పుడు వస్తున్నారు, కూర్చుని వెళ్తున్నారు. నేను ఇంతసేపూ చెప్పిన భావాలు, భయాలు అన్నీ ఉండొచ్చు. వాటి కింద ఆటో చార్జీ కూడా ఉందని నాకు తట్టలేదు.

ఖర్చు లేకుండా ఏదైనా చెయ్యొచ్చా అని కాసేపు ఆలోచించాం. జీలకర్ర బెల్లం ముందు పట్టే అడ్డుతెర ఉంది కదా, దాన్ని వాడుకోమన్నాను. తెరకి ఒకవైపు పెళ్ళికొడుకు, అతనికేమీ కనబడదు. ఇటువైపు పెళ్ళికూతురు ప్రేక్షకులతో ఏదైనా చెప్పొచ్చు. ముహూర్తం దాకా ఎవరూ ఆపలేరు. తెర పట్టుకోవడానికి మనిషి తక్కువైతే ఆ పెద్దాయన హీరోని పిలిచి "ఏ తరఫైతే ఏం, ఖాళీగా ఉన్నావుగా, ఈ కొస పట్టుకో" అంటాడు. ఇప్పుడు వాడు చేతులెత్తి తెర పట్టుకుని నిలబడాలి. వదిలితే ముహూర్తం కాకముందే తెర పడిపోతుంది. ఆవిడ వాడి మొహం మీదే వాడి గురించి నాలుగు మాటలు చెబుతుంది, వాడు చెయ్యి దించలేడు.

కుర్రాడికి నచ్చింది. నవ్వుకుని, ఫోన్లో రాసుకున్నాడు. నాలుగు మాటలంటే ఎంత ఉండాలని అడిగాడు. మూడు నిమిషాలన్నాను. తర్వాత ఫోను జేబులో పెట్టుకుని కొంచెం ఆలోచించాడు.

"మూడు నిమిషాలు మాట్లాడితే ఆ అమ్మాయికి డబ్బులు పెంచాలి కదా మేడం?"

పెంచమన్నాను.